మూడో మడత

కుట్టుపనివాళ్ళు అతన్ని మాస్టర్ అనేవారు. బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కటింగ్ మాస్టర్. రెగ్జిను, అట్ట, లోపలివైపు వేసే అస్తరు గుడ్డ ఏ కొలతకి కొయ్యాలో, ఎక్కడ మడవాలో తేల్చేది అతనే. అక్క మొగుడు మాత్రం అతన్ని "అట్టముక్కా" అని పిలిచేవాడు. ఏ కొత్త వస్తువు తలపెట్టినా ముందు అట్టముక్కలతో నమూనా చేసి, భోజనం చేస్తున్నప్పుడు కూడా దాన్ని పళ్ళెం పక్కన పెట్టుకుని చూస్తుండేవాడని ఆ పేరు.

ఫోన్లకీ ట్యాబ్లెట్లకీ కవర్లు కుట్టే ఆ కార్ఖానా బావది. పెద్దదేం కాదు. ఇనప సామాన్ల కొట్టు పైఅంతస్తులో రెండు గదులు, ఆరు కుట్టుమిషన్లు, మధ్యన పొడుగాటి కోత బల్ల. మెట్లెక్కుతుంటేనే జిగురు వాసన ముక్కుకి కొట్టేది. రెండో గదిలో అక్క ప్యాకింగు చూసుకునేది. తల్లి పోయేనాటికి అతనికి ఏడేళ్ళు, అక్కకి పదిహేడు. తల దువ్వి బడికి పంపినా, జ్వరం వస్తే పక్కన కూర్చున్నా అక్కే. పెళ్ళయి అత్తారింటికి వెళ్తూ తన పెట్టెతోపాటు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్ళింది. ఆ రోజు నుంచి బావ ఒక్కనాడైనా "వీడు నాకు బరువు" అన్నట్టు చూడలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. తర్వాత జరిగింది విని బావ చెడ్డవాడనుకునే ప్రమాదం ఉంది. చెడ్డవాడు కాదు.

ఆ జరిగిందానికి కారణమైన ట్యాబ్లెట్ కవరు ఆలోచన పుట్టింది కూడా బావ వల్లే. మధ్యాహ్నం భోజనం అయ్యాక కోత బల్ల మీదే నడుం వాల్చి, ట్యాబ్లెట్ పొట్టమీద పెట్టుకుని ఏదో ఒకటి చూస్తూ నిద్రలోకి జారుకోవడం ఆయన అలవాటు. ఒకరోజు చేయి జారి అది కాస్తా ఆయన ముక్కు మీద పడింది. కుట్టుపనివాళ్ళు మిషన్లు ఆపేసి మరీ నవ్వారు.

"నవ్వండి నవ్వండి. ముక్కు ఊడితే అట్టముక్కతో అతికిస్తాడు మా బావమరిది" అన్నాడు బావ ముక్కు రుద్దుకుంటూ. కాసేపాగి మాస్టర్‌తో అన్నాడు, "నవ్వులాట కాదురా. పడుకుని చూసుకోడానికి వీలైన కవరు ఒక్కడూ చెయ్యలేదు. అందరివీ బల్లమీద నిలబెట్టేవే. మనిషి గుండెమీద నిలబడేది చెయ్యి చూద్దాం."

మాస్టర్ దానిమీద ఐదు నెలలు పనిచేశాడు.

ట్యాబ్లెట్‌ని పట్టుకునే తొడుగు సులువుగానే కుదిరింది. నాలుగు మూలల్లో మెత్తటి రబ్బరు పెట్టి, చెడిపోయిన ట్యాబ్లెట్ ఒకటి అందులో బిగించి, బల్లమీంచి నేలమీదకి రోజుకి ఇరవైసార్లు పడేసి చూశాడు. అద్దం పగల్లేదు. చిక్కంతా మడతల దగ్గర వచ్చింది. వెనక అట్ట మూడు పలకలుగా మడుచుకోవాలి. మూడో పలక గుండెమీద చదునుగా ఆనాలి, మిగతా రెండూ దానిమీద వాలుగా లేచి ట్యాబ్లెట్‌ని ముఖానికి ఎదురుగా నిలబెట్టాలి. మనిషి ఊపిరి పీల్చి వదిలినా కదలకూడదు. నొక్కుడు గుండీలు పెడితే పడుకున్న మనిషి చేతికి అందలేదు. ఎలాస్టిక్ పట్టీ పెడితే నెల తిరక్కుండా సాగిపోయింది. అట్టలో గాడి పెట్టి దూర్చేలా చేస్తే గాడి అంచు చిరిగింది. చివరికి అయస్కాంతాలు పెట్టాడు. మూడో పలకలో అట్టకి, అస్తరుకి మధ్య నాలుగు బిళ్ళలు, మొదటి పలకలో వాటికి ఎదురుగా ఇనపరేకులు. నమూనాని తన గుండెమీద పెట్టుకుని పడుకుని చూశాడు. కదల్లేదు. చేయి వదిలేసి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. పెళ్ళి లేదు, స్నేహితులు తక్కువ. చేతిపని కుదిరిన రోజున అతనికి కలిగే సంతోషమే అతనికున్న పెద్ద సంతోషం.

బావ నాలుగుసార్లు మూసి తెరిచి చూశాడు. "బాగుందిరా. కాని మూసినప్పుడు చప్పుడు లేదు. టప్పుమని పడాలి. కొనేవాడు సగం చెవితోనే కొంటాడు."

మాస్టర్ బిళ్ళలు మార్చాడు. కొత్తవి పలచగానే ఉన్నా మహా గట్టివి. రెండు ఒకదానికొకటి అతుక్కుంటే విడదీసేటప్పుడు వేలి చర్మం నొక్కుకుపోయేది. వాటి డబ్బాలో మడిచిన చిన్న చీటీ ఒకటి ఉంది. గుండెలో మిషను అమర్చుకున్నవాళ్ళు వీటిని ఛాతీకి జానెడు దూరంలో ఉంచాలని అందులో రాసి ఉంది. మాస్టర్ అది చదివి బావ దగ్గరకి పట్టుకెళ్ళాడు.

"మనది గుండెమీదే పెట్టుకునేది కదా బావా."

"వెయ్యిమందిలో ఒకడికి ఉంటుందేమో అలాంటి మిషను."

"ఆ ఒక్కడూ పెద్దవాడే అయ్యుంటాడు. పడుకుని చదివేదీ పెద్దవాళ్ళే."

బావ తల గోక్కున్నాడు. "డబ్బా మీద వద్దు. చావు మాట పైన రాస్తే ఎవడూ ముట్టుకోడు. లోపల కాగితం వేస్తున్నాంగా, ఎలా మడవాలో చూపించేది, దాంట్లో రాసెయ్యి."

మాస్టర్ రాశాడు. ఎలా మడవాలో చెప్పే నాలుగు బొమ్మలు, వాటికింద నాలుగు ముక్కలు, అట్టడుగున గుండె మిషను గురించి రెండు వరసలు. అచ్చుకి పంపితే, కాగితం చిన్నది, ఇన్ని పట్టవు, ఏదో ఒకటి తియ్యమన్నారు. బావ అప్పుడు మెట్లు దిగుతున్నాడు. "ఏదో ఒకటి తీసెయ్యరా, ఎల్లుండికి సరుకు కొట్లకి చేరాలి" అని కిందనుంచే కేకేశాడు. మాస్టర్ కాగితం ముందేసుకుని చూశాడు. బొమ్మ తీసేస్తే మడత ఎవరికీ అర్థం కాదు. ఐదు నెలల కష్టం ఆ మడత. రెండో విడతలో పెద్ద కాగితం వేయిద్దాం, అప్పుడు చేరుద్దాం అనుకుని కింది రెండు వరసలూ కొట్టేశాడు. అతనికి అది పట్టుమని పది క్షణాల పని.

సరుకు బాగా పోయింది. నాలుగు నెలల్లో రెండువేల నాలుగువందలు. రెండో విడతలోనూ అదే కాగితం వెళ్ళింది. ఎవరూ గుర్తుచెయ్యలేదు, అతనూ చెయ్యలేదు.

తిరిగొచ్చిన సరుకు ఏదైనా మాస్టర్ బల్లమీదకే వచ్చేది. కుట్టు ఊడిందనో రంగు నచ్చలేదనో నెలకి పది దాకా వచ్చేవి. ఆ రోజు వచ్చిన పొట్లం కట్టిన తీరే వేరుగా ఉంది. కాగితం అంచులు కొలిచినట్టు మడిచి, దారంతో అడ్డం నిలువు కట్టి ఉంది. లోపల కవరుకి ఏ దెబ్బా లేదు. పైన ఒక ఉత్తరం.

"మీ కవరు తిప్పి పంపుతున్నాను. డబ్బు వద్దు, ఇంకొకటీ వద్దు. ఒక్క సంగతి చెప్పండి. ఇందులో అయస్కాంతం ఉందా? ఉంటే ఎక్కడుంది? మావారికి గుండెలో మిషను ఉండేది. ఆయన పోయి ఇరవై రెండు రోజులయింది."

కింద ఇంటి చిరునామా ఉంది. సంతకం ఉంది. తిట్టు ఒక్కటీ లేదు.

మాస్టర్ ఉత్తరం పట్టుకుని రెండో గదిలోకి వెళ్ళాడు. బావ రెండుసార్లు చదివి, లేచి తలుపు వేశాడు. అక్క డబ్బాలు మడుస్తూ చేయి ఆపింది.

"మిషను పెట్టారంటేనే ఆయన గుండె పాడైపోయిందని కదరా" అన్నాడు బావ.

"గుండె దారి తప్పినప్పుడు దెబ్బకొట్టి దారిలో పెట్టేందుకే ఆ మిషను, బావా. అయస్కాంతం దగ్గరుంటే అది ఊరుకుంటుందట. నిన్నమొన్న తెలుసుకున్నది కాదు. ఆ చీటీలోనే ఉంది."

"ఏమో. ఆ సంగతి డాక్టర్లు చెప్పాలి. మనం చెప్పకూడదు."

"మనం చెప్పాలనుకున్నాం. కాగితంలో రాశాను."

"రాశావు, నువ్వే తీశావు." బావ గొంతు తగ్గించాడు. "ఏదో ఒకటి తియ్యమన్నాను. అది తియ్యమని నేననలేదు. అన్నానా?"

అనలేదు. బావ ఆ మాట అన్నందుకు తనే నొచ్చుకున్నట్టు కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "చూడు. వచ్చే విడత నుంచి మళ్ళీ పాత బిళ్ళలే వేద్దాం. కాగితంలో రాద్దాం. ఆవిడకి జవాబు రాయకు. రాస్తే మన చేత్తో మనం ఒప్పుకున్నట్టే. ఆరు మిషన్లు, ఆరు కుటుంబాలు. మీ అక్క. పిల్లలు. కొరివితో తల గోక్కోకు."

అక్క తన చేతిలో ఉన్న డబ్బా మడతని మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

మూడు రోజులు మాస్టర్ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. కోత తప్పాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒక రెగ్జిను చుట్ట మొత్తం కొలత తేడాగా కోసి పాడుచేశాడు. కుట్టుపనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగో రోజు కవరు సంచిలో వేసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాడు.

పాత మేడ వెనకవైపు కింది వాటా. తలుపు తీసిన ఆవిడకి అరవై అయిదు ఉంటాయి, సన్నటి మనిషి. వేళ్ళ చివర్లు సూదులు గుచ్చుకుని గట్టిపడి ఉన్నాయి. ముందుగదిలో పుస్తకాలు నొక్కే ఇనప మర, దారపు ఉండలు, పిండి జిగురు గిన్నె. ఆవిడ పుస్తకాలకి బైండింగు చేస్తుంది. ఇక్కడికి వచ్చేదాకా అతనికి ఆ సంగతి తెలీదు. తనకి తెలిసిన పనే చేసే మనిషి ముందు నిలబడ్డానని అప్పుడే తెలిసింది.

"కవర్ల కార్ఖానా నుంచి వచ్చానమ్మా. దాన్ని చేసింది నేనే."

ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది. కుర్చీ చూపించింది. కిటికీ దగ్గర ఇంకో బల్ల ఉంది. దానిమీద భూతద్దం, ఎర్ర పెన్సిళ్ళు నాలుగు, వరసగా.

"మావారు ప్రూఫులు దిద్దేవారు" అంది అతని చూపు గమనించి. "కళ్ళు తగ్గాక పెద్ద అక్షరాలు కనబడతాయని ఆ ట్యాబ్లెట్ కొన్నాం. చేతులు వణికేవి. పట్టుకోలేకపోయేవారు. మీ కవరు నేనే కొన్నాను."

మాస్టర్ సంచిలోంచి కవరు తీసి బల్లమీద పెట్టాడు. జేబులోంచి కట్టర్ తీశాడు. మూడో పలక అస్తరు అంచు కోసి, అట్టని వేలితో పైకి లేపాడు. నాలుగు బిళ్ళలు బయటపడ్డాయి.

"ఉన్నాయమ్మా. నాలుగు. ఇక్కడ. ఛాతీకి ఆనే పలకలో."

"తెలుసు" అంది ఆవిడ. "పంపేముందు సూది పెట్టి చూశాను. అతుక్కుంది. మీరు చెబుతారో లేదో చూద్దామనుకున్నాను."

ఆ రాత్రి సంగతి ఆవిడే చెప్పింది. భోజనం చేసి మంచమెక్కి చదువుకుంటున్నారు. అక్షరాలు కంటికి ఆనక కవరుని ఎడమవైపు, మెడ దాకా లాక్కునేవారు. మిషను ఉన్నది సరిగ్గా అక్కడే, చర్మం కింద. ఆవిడ ఈ గదిలో ఒక నిఘంటువు కుడుతోంది. ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. చదివినదేదో నచ్చలేదనుకుంది. కట్టు పూర్తిచేసి లోపలికి వెళ్ళేసరికి ట్యాబ్లెట్ అలాగే నిలబడి ఉంది, ఆయన లేరు.

"కదల్లేదు బాబూ, అంత గట్టిగా చేశారు. మడత దగ్గర అట్ట మందానికి సరిపడా ఎడం వదిలారు. కుట్టు ఎక్కడా లాగలేదు. నాకు పని తెలుసు. మంచి పని అది." ఆవిడ పొగడటం లేదు, చూసింది చూసినట్టు చెబుతోంది. "ఆస్పత్రిలో మిషను పరీక్షించే ఆయన చెప్పాడు. ముప్పావుగంట దాని పక్కన అయస్కాంతం ఉందట. ఆ సేపూ అది కొట్టదట. ఇంట్లో ఏముంది అయస్కాంతం అని అడిగాడు. ఏమీ లేదన్నాను."

లేచి వెళ్ళి బల్ల సొరుగులోంచి ఒక కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. కవరుతో వచ్చిన కాగితం. నాలుగు బొమ్మలు, నాలుగు ముక్కలు. మూడో బొమ్మ కింద 'మూడో ముడత ఛాతీకి ఆనించండి' అని అచ్చయింది. ముడతలో కొమ్ము మీద ఎర్ర పెన్సిలు గీత ఉంది. పక్కన అంచున వణికే అక్షరాల్తో 'మడత' అని దిద్ది ఉంది.

"ఏ కాగితం చేతికొచ్చినా దిద్దేవారు. మందు సీసా చీటీలు కూడా. ఇది చివరి ముక్కదాకా చదివారు. మిషను గురించి ఒక్క మాట ఉన్నా ఆయన కంట పడేది." ఆవిడ అతని మొహంలోకి చూసింది. "మీకు ముందు తెలీదా?"

తెలీదని చెప్పి లేచి వచ్చేయొచ్చు. ఆవిడ నమ్మేదేమో కూడా. మాస్టర్‌కి ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"తెలుసమ్మా. రాశాను. కాగితం చాల్లేదని నేనే కొట్టేశాను. బొమ్మలు ఉంచి దాన్ని తీశాను."

ఆవిడ ఏడవలేదు, శపించలేదు. కాగితాన్ని తనవైపు లాక్కుని, ఉన్న మడతల మీదే మడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

"ఇలాంటివి ఎన్ని అమ్మారు?"

"రెండువేల నాలుగువందలు."

"వాళ్ళకెవరు చెబుతారు?"

అతను బల్లమీది నాలుగు బిళ్ళల వంక చూశాడు.

"నువ్వొచ్చి నాకు చెప్పావు. చెప్పి బరువు దించుకున్నావు. నా దగ్గర దించేస్తే నాకేం వస్తుంది, నాయనా? ఆయన రారు." మీరు కాస్తా నువ్వు అయింది. దాంట్లో దగ్గరితనం లేదు. "వెళ్ళు. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పు. మళ్ళీ ఇక్కడికి రాకు."

ఆ సాయంత్రమే బావతో చెప్పేశాడు. సరుకుల నాణ్యత చూసే ఆఫీసుకి ఉత్తరం రాస్తాననీ, కొట్లన్నిటికీ తిరిగి కవర్లు వెనక్కి అడుగుతాననీ అన్నాడు. బావ కోప్పడలేదు. కోత బల్ల అంచున కూర్చుని, "అడుసు తొక్కాం, సరే. కాలు కడుక్కుందాం. దానికోసం ఇల్లు తగలబెట్టాలా?" అన్నాడు. ఆరు మిషన్ల వంక చూశాడు. "నాకో నెల రోజులు గడువియ్యి. కొట్లవాళ్ళకి నేనే మెల్లగా నచ్చజెప్పుకుంటాను. మెల్లగా."

"ఈ నెలలో ఇంకొకరు పోతే బావా?"

బావ లేచి ఒక మిషను మీద గుడ్డ కప్పాడు.

అక్క అతన్ని మెట్ల దగ్గర ఆపింది. పనివాళ్ళు వెళ్ళిపోయారు. కింద కొట్లో ఇనప చువ్వలు దించుతున్న మోత వినిపిస్తోంది.

"ఆవిడ ఎలా ఉంది?"

"బాగానే ఉంది. అది చూసే నాకు భయమేసింది."

అక్క కొంగు వేలికి చుట్టుకుంది. "నీకు ఏడేళ్ళప్పుడు పక్కింటివాళ్ళ కిటికీ అద్దం పగలగొట్టావు. నువ్వు కాదని నేను అబద్ధమాడాను. నువ్వే పరిగెత్తుకెళ్ళి వాళ్ళకి చెప్పావు. అప్పుడే అనుకున్నాను, వీడితో కష్టమే అని." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నిజం చెప్పొద్దని నేననను రా. అంటే నా నోరు పడిపోతుంది. కానీ నువ్వు చెప్పాక మీ బావ మొహం చూస్తూ నీకు అన్నం పెట్టడం నా వల్ల కాదు. చెప్పు. చెప్పాక మా ఇంటికి రాకు."

"అక్కా."

"నేను నిన్ను వెళ్ళగొట్టట్లేదు. నాకు చేతకాదని చెబుతున్నాను."

అతను ఉత్తరం రాశాడు. ఇంట్లో ఉన్నవి ఒక సంచిలో సర్దుకుని, కార్ఖానాకి రెండు వీధుల అవతల ఒక గది తీసుకున్నాడు.

ఆ తర్వాతవి చకచకా జరిగిపోయాయి. ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి మిగిలిన సరుకు గదిలో పెట్టి తాళం వేశారు. ఆస్పత్రి ఆయన తన కాగితాలు పంపాడు. విచారణలో మాస్టర్ రాసింది, కొట్టేసింది రెండూ చెప్పాడు. ఆ గుండె ఎలాగైనా ఆగేదేనా, మిషను కొట్టి ఉంటే తిరిగి నడిచేదేనా అనేది మాత్రం ఎవరూ తేల్చలేదు. తేల్చలేమన్నారు. బావకి కవర్లు చేసే అనుమతి పోయింది. మిషన్లు ఒక్కొక్కటే మెట్లు దిగాయి. కుట్టుపనివాళ్ళలో ఒకామె వీధిలో ఎదురుపడి, "మీరు మంచోళ్ళే మాస్టర్ గారూ. మీ మంచితనం మా పొట్ట మీదకొచ్చింది" అని వెళ్ళిపోయింది. తప్పు మాట అనిపించలేదు అతనికి. మంచితనం అన్నదొక్కటే తప్పనిపించింది. అదే ఉంటే, ఆ రెండు వరసలూ కొట్టేసిన పది క్షణాలప్పుడు ఉండాల్సింది.

బైండింగు ఆవిడ విచారణకి ఒకసారి వచ్చింది. అడిగినవాటికి జవాబు చెప్పింది. నష్టపరిహారం ఏం కోరుకుంటున్నారంటే ఏమీ వద్దంది. బయటికి వస్తూ అతని పక్కనుంచే వెళ్ళింది. అటు తిరిగి చూడలేదు.

మాస్టర్ చెప్పుల డబ్బాలు చేసేచోట పనికి కుదిరాడు. అట్ట కొయ్యడమే. సెలవు రోజుల్లో కొట్లు తిరిగేవాడు. ఎవరెవరికి అమ్మారో రాసిపెట్టుకున్న కొట్లు మూడే. మిగతావాళ్ళు, "అమ్మేశాం బాబూ, ఎవరు కొన్నారో ఏం తెలుస్తుంది" అన్నారు. గుండె ఆస్పత్రుల గేట్ల దగ్గర నిలబడి కాగితాలు పంచాడు. ఈసారి కాగితంలో బొమ్మ లేదు. కొందరు చదివారు, కొందరు చూడకుండానే మడిచి పారేశారు. ఏడాదిన్నరకి పద్నాలుగువందల పైచిలుకు వెనక్కి వచ్చాయి. ఇంకా వెయ్యి దాకా ఎక్కడెక్కడో ఉన్నాయి. ఏదైనా గదిలో మంచం కనబడితే చాలు, అతనికి ముందు దానిమీద పడుకున్న మనిషి కనిపించేవాడు. మొహం ఉండేది కాదు. మెడ దాకా లాక్కున్న కవరు మాత్రం ఉండేది.

బావకి ఒకరోజు ఎదురుపడ్డాడు. బావ చేతిలో ఎవరిదో కంపెనీ సంచుల మూట ఉంది. ఊళ్ళో కొట్లకి అవి వేసి వస్తున్నాడట. ఇద్దరూ రోడ్డుకి చెరోపక్క ఆగిపోయారు. "తిన్నావురా?" అని అడిగాడు బావ, ఇవతలికి వినిపించీ వినిపించకుండా. తిన్నానన్నట్టు తల ఊపాడు మాస్టర్. మధ్యలోంచి బండ్లు పోతూనే ఉన్నాయి. అవి ఆగేసరికి బావ మలుపు తిరిగిపోయాడు.

చలి ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున పనికి వెళ్తూ బస్సెక్కాడు. కిటికీ పక్క సీట్లో డెబ్భై దాటిన పెద్దమనిషి ఒకాయన ట్యాబ్లెట్‌లో వార్తలు చదువుకుంటున్నాడు. కవరు అంచులు అరిగి తెల్లబడ్డాయి గాని, కుట్టు ఎక్కడా ఊడలేదు. మాస్టర్ ఆయన పక్కన కూర్చున్నాడు. ఇలాంటప్పుడు ఎలా మొదలుపెట్టాలో అతనికి ఇంతకాలమైనా చాతకాలేదు.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. మీకు గుండెలో మిషను ఏమైనా పెట్టారా?"

ఆయన ట్యాబ్లెట్‌ని రెండు చేతుల్తో దగ్గరకి లాక్కున్నాడు. "ఎందుకు?"

మాస్టర్ చెప్పాడు. కవరు చేసింది తనేననీ, దాంట్లో ఏముందో, ఎక్కడుందో. ఆయన అనుమానంగానే విన్నాడు. తర్వాత నెమ్మదించి, "నాకలాంటివేమీ లేవు నాయనా. గుండె రాయిలా ఉంది. మోకాళ్ళే అరిగిపోయాయి" అన్నాడు. "ఇది అసలు నాది కాదు, మా అన్నయ్యది. ఆయన పోయాక మా వదిన నాకిచ్చింది."

"ఎప్పుడు పోయారు?"

"రెండేళ్ళు కావస్తోంది. అదృష్టవంతుడు, నిద్రలో పోయాడు. పొద్దున్నే వదిన కాఫీ పట్టుకెళ్ళేసరికి లేడు. ఎవరికి దొరుకుతుంది అలాంటి చావు అని అందరూ అన్నారు."

బస్సు ఒక స్టాపులో ఆగి, మళ్ళీ కదిలింది.

"ఆయనకి మిషను ఉండేదా?"

పెద్దాయన ఆలోచించాడు. కనుబొమలు ముడిచాడు. "గుండెకి ఏదో చేయించుకున్నాడని గుర్తు. ఆపరేషనో, మందులో. మేం ఎడంగా ఉండేవాళ్ళం, అంతగా రాకపోకలు లేవు. వదినకి తెలిసుండేది. ఆవిడా మొన్న వేసవిలో పోయింది."

"వాళ్ళ పిల్లలు?"

"లేరు." ఆయన అతని మొహంలోకి వంగి చూశాడు. "నీకు ఒంట్లో బాలేదా బాబూ? రంగు మారిపోయావు."

"బాగానే ఉంది."

ఆ కవరు తనకిచ్చెయ్యమని, బదులుగా వేరేది చేసిస్తానని మాస్టర్ అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. చక్కగా ఉన్న వస్తువు ఎందుకివ్వాలి, పైగా అన్నయ్య వాడింది అన్నాడు. మాస్టర్ బతిమాలాడు. చివరికి ఎవరికీ ఇవ్వనని, పడుకున్నప్పుడు ఛాతీమీద పెట్టుకోనని మాట తీసుకున్నాడు. అన్నయ్య ఉన్న వీధి పేరు అడిగి రాసుకున్నాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో అద్దెకుంటున్నారని పెద్దాయన చెప్పాడు. అయినా రాసుకున్నాడు.

తన స్టాపు రాగానే పెద్దాయన ట్యాబ్లెట్‌ని మూసి చంకలో పెట్టుకుని, సీట్లు పట్టుకుంటూ మెల్లగా దిగాడు. మాస్టర్ తర్వాతి స్టాపులో దిగి, పనిలోకి వెళ్ళాడు. ఆ రోజు చెప్పుల డబ్బాలకి నాలుగువందల అట్టలు కొయ్యాలి. కోశాడు.